అరికాలి మచ్చ, నాలుగో స్టేజీ, సాయం: మెలనోమా గురించి అపోహలు - వాస్తవాలు

నేను క్యాన్సర్ ఆస్పత్రిలో మెడికల్ సోషల్ వర్కర్‌ని. డాక్టర్ గారు జబ్బు గురించి చెప్పి పంపించాక, "మరి డబ్బు ఎలాగండీ?" అని అడగడానికి జనం వచ్చేది నా టేబుల్ దగ్గరికే. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. గోదావరి జిల్లాల వాళ్లు నోరు తెరవగానే నాకు తెలిసిపోతుంది. కిందటేడాది అమలాపురం వైపు నుంచి ఒక జంట వచ్చింది. అతనికి 34, ఆమెకి 28, నాలుగేళ్ల పాప. మూడెకరాలు కౌలుకి చేస్తాడు. మడమ మీద మొదలైన మెలనోమా అనే చర్మ క్యాన్సర్ గజ్జల్లో గ్రంథులు దాటి ఊపిరితిత్తుల్లోకి వెళ్లింది. నాలుగో స్టేజీ. కింద రాసిన అపోహలన్నీ వాళ్ల చుట్టూ నేను విన్నవే. వాళ్లని అడిగే రాస్తున్నాను, పేర్లు మాత్రం చెప్పను.

అపోహ: చర్మ క్యాన్సర్ తెల్లవాళ్ల జబ్బు, మనకి రాదు.

మనకి తక్కువే. కానీ వచ్చినప్పుడు ఎక్కువగా అరికాల్లో, అరచేతిలో, గోళ్ల కింద వస్తుంది. ఎండ తగలని చోటు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. జమైకా గాయకుడు బాబ్ మార్లీ 1981లో 36 ఏళ్లకే పోయింది కాలి గోటి కింద మొదలైన మెలనోమాతోనే.

సార్వా ఊడ్పుల్లో రోజంతా కాళ్లు బురదలోనే ఉంటాయి. అరికాలు ఎవరు చూసుకుంటారు? అతను పొలం నుంచి వచ్చి కాలువ మెట్ల మీద కాళ్లు కడుక్కుంటుంటే, మట్టంతా పోయినా మడమ దగ్గర చింతగింజంత నలుపు పోలేదట. భార్య కొబ్బరి పీచు తెచ్చి రుద్దింది. "రుద్దీ రుద్దీ ఎర్రబడింది అక్కా, నలుపు అక్కడే ఉంది" అని నాకు చెప్తూ చేత్తో రుద్ది చూపించింది. ఒకరు ముల్లు విరిగి ఉంటుందన్నారు, ఒకరు ఆనె అన్నారు. అరికాల్లో మచ్చ ఉంటే సముద్రం దాటతాడని నాయనమ్మ మురిసిపోయింది. కువైట్ డబ్బుతో ఇళ్లు లేచిన ఊళ్లో అది మంచి మాటే కదా. చివరికి ఊళ్లో మందులిచ్చే ఆయన బ్లేడుతో చెక్కి ఆయింట్‌మెంట్ రాశాడు. ఇలా ఏడు నెలలు పోయాయి.

మచ్చ రెండు సగాలు ఒకేలా లేకపోయినా, అంచులు చెదిరినట్టున్నా, ఒకే మచ్చలో రెండు మూడు రంగులున్నా, 6 మిల్లీమీటర్లు దాటినా, అన్నిటికంటే ముఖ్యంగా అది మారుతున్నా, చర్మ డాక్టర్‌కి చూపించండి. గోరు పొడవునా నల్ల చార వచ్చి, వెడల్పవుతూ పక్కన చర్మానికీ నలుపు పాకుతుంటే ఆగకండి. కొన్ని మెలనోమాలు నల్లగా కూడా ఉండవు. షుగర్ ఉన్నవాళ్లకి కాలి పుండు మానకపోతే అది షుగర్ పుండేనని తేల్చేసుకోవద్దు.

అపోహ: కత్తి తగిలితే ఒళ్లంతా పాకుతుంది.

పరీక్ష కోసం మచ్చ నుంచి ముక్క తీసే బయాప్సీ వల్ల పాకదు. మచ్చ ఎంత లోతుకి దిగిందో మిల్లీమీటర్లలో కొలిస్తేనే తర్వాత ఏం చెయ్యాలో తెలుస్తుంది. ఊళ్లో బ్లేడుతో చెక్కి పారేస్తే ఆ కొలతే పోతుంది.

ఇక్కడ ఒక మాట. బయాప్సీ చేసిన చోట రిపోర్టుతో పాటు మైనం దిమ్మ కూడా అడిగి తీసుకోండి. అగ్గిపెట్టె కంటే చిన్న ప్లాస్టిక్ డబ్బీలో తెల్లటి మైనం, మధ్యలో గోధుమరంగు ముక్క. బ్లాక్ అంటారు. జన్యు పరీక్ష దాని మీదే చేస్తారు. వీళ్లు పనికిరాదనుకుని దాన్ని మొదటి ఆస్పత్రిలోనే వదిలేశారు. మళ్లీ తెప్పించడానికి రెండు వారాలు పట్టింది. ఆ రెండు వారాలూ ఆ ఇంట్లో ఎంత టెన్షన్ పడ్డారో నాకు తెలుసు.

అపోహ: నాలుగో స్టేజీ అంటే ఇంటికి తీసుకెళ్లిపోవడమే.

2011కి ముందు అయితే ఈ మాటకి నా దగ్గర పెద్ద జవాబు ఉండేది కాదు. పాకిన మెలనోమాతో చాలామంది ఏడాది కూడా ఉండేవారు కాదు. క్యాన్సర్ మన రక్షణ కణాలకి బ్రేకు వేసి దాక్కుంటుంది. 2011 నుంచి వచ్చిన ఇమ్యూనోథెరపీ మందులు ఆ బ్రేకు తీస్తాయి. దీనికి దారి చూపిన జేమ్స్ ఆలిసన్, తసుకు హోంజోలకి 2018లో నోబెల్ వచ్చింది. ఇపిలిముమాబ్, నివోలుమాబ్ అనే రెండు ఇమ్యూనోథెరపీ మందులు కలిపి తీసుకున్నవాళ్లలో 100కి 43 మంది పదేళ్ల తర్వాత కూడా బతికి ఉన్నారని 2024లో ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు వచ్చాయి. అరికాలి మెలనోమాకి ఫలితం అంత బాగా ఉండదు. ఈ సంగతి నేను దాచను. ఆశ పెట్టి అప్పు చేయించడం పాపం. కానీ ప్రయత్నించకుండా వెనక్కి తీసుకెళ్లిపోవడం కూడా అన్యాయమే. బీ-రాఫ్ అనే జన్యువులో మార్పు ఉందని తేలితే మాత్రలూ ఉన్నాయి.

ఇమ్యూనోథెరపీ మొదలయ్యాక విరేచనాలు పట్టుకున్నా, ఆయాసం వచ్చినా, కళ్లు పచ్చబడినా మందుల షాపులో మాత్ర కొనుక్కుని ఊరుకోకండి. రక్షణ కణాలు సొంత పేగుల మీదో ఊపిరితిత్తుల మీదో తిరగబడి ఉండొచ్చు. వెంటనే ఆస్పత్రికి ఫోన్ చెయ్యాలి, అర్ధరాత్రయినా సరే.

అపోహ: ముందు తోట అమ్మేద్దాం, సాయం సంగతి తర్వాత చూద్దాం.

నన్ను అన్నిటికంటే బాధపెట్టేది ఇదే. వీళ్లు నా దగ్గరికి వచ్చేసరికే పుస్తెలతాడు తాకట్టులో ఉంది. 30 సెంట్ల కొబ్బరి తోటకి బయానా తీసుకోబోతున్నారు. "జన్యు పరీక్ష రిపోర్టు వచ్చేదాకా ఆగండి, ఏ మందో, ఎంతవుతుందో తెలియకుండా దేనికి అమ్ముతున్నారు?" అన్నాను. ఆగారు.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఎన్టీఆర్ వైద్యసేవ పథకంలో ఆపరేషన్, రేడియేషన్, కీమో ఉంటాయి. కొత్త మందులన్నీ ప్యాకేజీలో ఉంటాయని అనుకోవద్దు. ఆస్పత్రిలో ఆ పథకం పని చూసే ఆరోగ్యమిత్రని అడగండి, లేదా 104కి ఫోన్ చెయ్యండి. ముఖ్యమంత్రి సహాయనిధికి ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా వెళ్లాలి. చికిత్సకి ముందయితే ఎల్‌ఓసీ (ఇంత డబ్బు ఇస్తామని ఆస్పత్రికి ముందే ఇచ్చే హామీ పత్రం), అయ్యాకయితే బిల్లుల మీద సాయం. ప్రధానమంత్రి సహాయనిధికీ పెట్టుకోవచ్చు. ట్రస్టులు చాలావరకు ఆస్పత్రి పేరు మీదే డబ్బు పంపుతాయి, ఖర్చయిపోయిన దానికి ఇవ్వవు. అందుకే ముందే అడగమంటాను. నయమయ్యే అవకాశం బాగా ఉన్నవాళ్లకే ఇచ్చే నిధులూ ఉన్నాయి. ఒకచోట కాదంటే మీ తప్పేమీ లేదు, ఇంకోచోట అడగండి. మందుల కంపెనీలకి కూడా సహాయ పథకాలుంటాయి. మొదటి డోసు కొనకముందే డాక్టర్‌ని అడగాలి.

ఆధార్, రైస్ కార్డు, సచివాలయంలో తీసుకున్న ఆదాయ ధ్రువపత్రం, బయాప్సీ రిపోర్టు, ఆస్పత్రి లెటర్‌హెడ్ మీద ఖర్చు అంచనా, బ్యాంకు పాస్‌బుక్. అన్నీ ఐదేసి జిరాక్సులు. ఆ అమ్మాయి వీటన్నిటినీ జిప్పున్న చీర కవర్లో తేదీల వారీగా పెట్టుకుంది. ఏ కాగితం అడిగినా నిమిషంలో తీసేది. సాయం మంజూరు చేయిస్తాం, ముందు ప్రాసెసింగ్ ఫీజు కట్టండి అని ఎవరైనా ఫోన్ చేస్తే అది మోసం.

అపోహ: చెయ్యి చాపితే పరువు పోతుంది.

ఈ మాట అతనే అన్నాడు, తల దించుకుని. "మీ కోనసీమలో లంకల గన్నవరం ఉంది కదా, ఏ వేళ ఎవరొచ్చినా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి ఇంట్లో అర్ధరాత్రి తిన్నవాడి పరువు పోయిందని ఎవరైనా అన్నారా?" అని అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అప్లికేషన్ మీద సంతకం పెట్టాడు. రెండు చోట్ల నుంచి సాయం వచ్చింది. మిగతాది పొలం కౌలుకిచ్చిన ఆసామి, అతని పదో తరగతి స్నేహితులు వేసుకున్నారు. తోట ఉంది.

అపోహ: ఇది అంటుకుంటుంది, కంచం వేరుగా పెట్టాలి. అంటుకోదు. పక్కన పడుకోవచ్చు, ఒకే కంచంలో తినొచ్చు.

అపోహ: మార్ఫిన్ ఇస్తే చివరి రోజులొచ్చినట్టే. నొప్పి ఎప్పుడుంటే అప్పుడే ఇస్తారు. డాక్టర్ చెప్పిన లెక్కలో వాడితే అలవాటు పడిపోతారన్న భయం అక్కర్లేదు. నొప్పి తగ్గితే మనిషి తింటాడు, నిద్రపోతాడు, చికిత్స తట్టుకుంటాడు.

అపోహ: చిన్నపిల్లలకి చెప్పకూడదు.

పాపకి "నాన్న కాల్లో ముల్లు గుచ్చుకుంది" అని చెప్పారు. కొన్నాళ్లకి పాప చెప్పుల్లేకుండా అరుగు దిగడం మానేసింది. దింపితే ఏడుపు. ముల్లు గుచ్చుకుంటే నాన్నలాగే ఆస్పత్రికి వెళ్లిపోవాలని దాని భయం. ముగ్గురినీ కూర్చోబెట్టాం. నాన్నకి క్యాన్సర్ అనే జబ్బు వచ్చింది, ముల్లు వల్ల కాదు, నువ్వు అల్లరి చేసినందుకు కాదు, నీకు అంటదు, మందు కోసం మూడు వారాలకోసారి వెళ్తాం అని వాళ్లమ్మే చెప్పింది. పాప నాన్న కాలి కట్టుని వేలితో తాకి చూసింది. "నొప్పా?" అంది. "కొంచెం" అన్నాడు.

వచ్చే వారం అతనికి స్కాన్ ఉంది. రాజమండ్రి దాకా బస్సు, అక్కణ్ణుంచి రైలు. క్యాన్సర్ రోగికి స్లీపర్‌లో పూర్తి రాయితీ, తోడు వచ్చేవాళ్లకి 75 శాతం. ఆ సర్టిఫికెట్ మీద నిన్ననే డాక్టర్ గారి సంతకం తీసుకుని చీర కవర్లో పెట్టమని ఆ అమ్మాయికి ఇచ్చాను.