ఆర్నెల్లకోసారి వచ్చి వెళ్తే సిటిజన్‌షిప్ రాదు: అపోహలు - వాస్తవాలు

అమెరికాలో ఒక ఇమ్మిగ్రేషన్ లాయర్ ఆఫీసులో ఎన్-400, అంటే సిటిజన్‌షిప్ దరఖాస్తు, ఫైళ్లు తయారు చేయడం నా పని. పిల్లల ద్వారా గ్రీన్‌కార్డు వచ్చిన మన పెద్దవాళ్లు కుర్చీలో కూర్చోగానే చెప్పే మాట దాదాపు ఒక్కటే. "ఆర్నెల్లు దాటకుండా వచ్చి వెళ్తూనే ఉన్నామండీ. అయిదేళ్లు నిండాయి, అప్లై చేసేద్దాం." వాట్సాప్ గ్రూపుల్లో, పెళ్లిళ్లలో, గుడి దగ్గర ఈ మాట ఎంతగా తిరిగిందంటే ఇదే చట్టం అనుకుంటున్నారు. దీన్ని నమ్మినవాళ్లు సిటిజన్‌షిప్‌తో పాటు గ్రీన్‌కార్డుకే ముప్పు తెచ్చుకుంటున్నారు. అందుకే ఈ ఒక్కటి వివరంగా రాస్తాను.

అపోహ: ఆర్నెల్లలోపు అమెరికాలో కాలు పెడితే చాలు, అయిదేళ్లకు సిటిజన్‌షిప్ వస్తుంది.

వాస్తవం: ఇక్కడ చూసే లెక్కలు మూడు. ఒకటి సరిపోయినంత మాత్రాన మిగతావి సరిపోవు.

మొదటిది, అయిదేళ్ల నివాసం తెగకుండా సాగిందా అన్నది. ఒకే ప్రయాణంలో ఆర్నెల్లు దాటి, ఏడాదిలోపు బయట ఉంటే నివాసం తెగినట్టే అనుకుని ఆఫీసర్ మొదలుపెడతారు. తెగలేదని ఆధారాలతో చూపించాల్సిన బాధ్యత మనది. ఇక్కడి ఉద్యోగం వదల్లేదని, ఇల్లో అద్దె అగ్రిమెంటో అలాగే ఉందని, దగ్గరి కుటుంబం ఇక్కడే ఉందని చూపాలి. ఏడాది లేదా అంతకంటే ఎక్కువ బయట ఉంటే వాదనకు చోటే లేదు. నివాసం తెగినట్టే.

రెండోది, ఆ అయిదేళ్లలో కనీసం సగం కాలం, అంటే 30 నెలలు, స్వయంగా ఇక్కడ ఉన్నారా అన్నది. ఆర్నెల్ల సిద్ధాంతం కూలిపోయేది ఇక్కడే. అయిదున్నర నెలలు ఇండియాలో, మూడు వారాలు కొడుకు దగ్గర, మళ్లీ అయిదున్నర నెలలు ఇండియాలో అనుకుందాం. ఒక్కసారి కూడా ఆర్నెల్లు దాటలేదు. కానీ కూడి చూస్తే అయిదేళ్లలో ఇక్కడ ఉన్నది ఏడు నెలలు కూడా కాదు. వెళ్లిన రోజు, వచ్చిన రోజు రెండూ అమెరికాలో ఉన్నట్టే లెక్కిస్తారు. అయినా లోటు తీరదు.

మూడోది అన్నిటికంటే ముఖ్యమైనది. అసలు మీ ఇల్లు ఎక్కడ? గ్రీన్‌కార్డు ఇచ్చేది ఇక్కడ స్థిరంగా ఉండడానికి. చుట్టపుచూపుగా వచ్చి వెళ్తే, ప్రతిసారీ ఆర్నెల్లలోపే వచ్చినా, నివాసం వదులుకున్నారా అని ఎయిర్‌పోర్టులోనే అడగవచ్చు. సుదీర్ఘ ప్రయాణం చేసి అలసిపోయిన పెద్దవాళ్ల ముందు ఐ-407 ఫారం పెడితే, అదేమిటో తెలియక సంతకం చేస్తారు. అది గ్రీన్‌కార్డును స్వచ్ఛందంగా వదులుకునే ఫారం. సంతకం చేసి తీరాలని ఎవరూ బలవంతం చేయకూడదు. ఒప్పుకోకపోతే ఇమ్మిగ్రేషన్ జడ్జి ముందు చెప్పుకునే హక్కు ఉంది. మీ అమ్మానాన్నలకు ఈ ఒక్క ముక్క విమానం ఎక్కే ముందే చెప్పి పంపండి.

రీ-ఎంట్రీ పర్మిట్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. "పర్మిట్ ఉంది కదా, రెండేళ్ల దాకా ఫరవాలేదు" అంటారు. ఆ పర్మిట్ తిరిగి లోపలికి రావడానికి పనికొస్తుంది. సిటిజన్‌షిప్ లెక్కలో మాత్రం ఏడాది దాటిన గైర్హాజరును అది కాపాడదు. ఆ లెక్క కాపాడే ఎన్-470 వేరే ఉంది. అది అమెరికా ప్రభుత్వం, అమెరికన్ కంపెనీ, గుర్తింపు ఉన్న పరిశోధనా సంస్థ లాంటి వాటి పని మీద విదేశం వెళ్లేవాళ్లకే. రిటైరైన తల్లిదండ్రులకు వర్తించదు.

ఒంగోలు వైపు నుంచి వచ్చిన ఒక రిటైర్డ్ టీచరమ్మ సంగతి నేను మర్చిపోలేను. కొడుకు ద్వారా 2018లో గ్రీన్‌కార్డు వచ్చింది. ఊళ్లో పెళ్లయిన కూతురు ఉంది. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు పెళ్లయిన పిల్లలకు గ్రీన్‌కార్డు కోసం పిటిషన్ వేయలేరు, సిటిజన్ అయితేనే వేయగలరు. అందుకోసమే ఆవిడ ఏళ్లు లెక్కపెట్టుకుంటున్నారు. 2020 జనవరిలో భర్త ఆపరేషన్ కోసం రీ-ఎంట్రీ పర్మిట్ ఏర్పాటు చేసుకుని వెళ్లారు. మార్చిలో అంతర్జాతీయ విమానాలు ఆగిపోయాయి. భర్త కోలుకున్నాక, 2021 మార్చిలో తిరిగొచ్చారు. ఏ ఇబ్బందీ లేకుండా లోపలికి రానిచ్చారు కాబట్టి అంతా బాగానే ఉందనుకున్నారు. ఎవరో తెలిసినవాళ్ల సలహాతో 2023లో ఎన్-400 వేస్తే డినై అయింది. కట్టిన ఫీజు తిరిగి రాలేదు. ఆ కాగితం పట్టుకుని మా దగ్గరికి వచ్చారు.

కోవిడ్ కదా అని ఆవిడ కొడుకు మళ్లీ మళ్లీ అడిగాడు. ఏడాది దాటితే కారణం ఎంత న్యాయమైనదైనా చట్టంలో మినహాయింపు లేదు. తిరిగి వచ్చిన రోజు నుంచి నాలుగేళ్ల ఒక్క రోజు ఆగాలి. అంటే 2025 మార్చి. అప్పుడైనా వెనక్కి అయిదేళ్లు లెక్కిస్తే బయట ఉన్న దాదాపు ఏడాది అందులో పడుతుంది కనుక, ఆధారాలు చూపించే తిప్పలు మాత్రం తప్పవు. ఇంకో ఆర్నెల్లు ఆగితే అదీ ఉండదు. ఆవిడ ఆగారు. సెప్టెంబరులో మళ్లీ ఫైల్ చేశాం. కానీ కూతురి పిటిషన్ క్యూలో పడే తేదీ ఆ మేరకు వెనక్కి పోయింది. ఇండియాకు ఆ క్యాటగిరీలో పదేళ్లు దాటిన నిరీక్షణ ఉంది కనుక ప్రతి నెలా విలువైనదే.

ఆవిడ వెళ్లడం తప్పని నేను అనను. ఇంట్లో మనిషి మంచం మీద ఉంటే వెళ్లాల్సిందే. వెళ్లే ముందు ఈ లెక్క తెలిసి ఉంటే మధ్యలో ఒకసారి వచ్చి వెళ్లే ప్రయత్నమో, కనీసం తొందరపడి ఫైల్ చేయకుండా ఆగడమో చేసేవారు. నాకు కోపమల్లా తెలియకపోయినా ధీమాగా సలహాలిచ్చే వాళ్ల మీద.

పన్ను సంగతి ఒకటి. అమెరికాలో ఎక్కువ రోజులు లేరు కదా, నాన్-రెసిడెంట్‌గా ట్యాక్స్ ఫైల్ చేయమని కొందరు చెబుతారు. గ్రీన్‌కార్డు పెట్టుకుని అలా చేస్తే నివాసం వదులుకున్నట్టు మీరే రాసిచ్చినంత పనవుతుంది. ఫైల్ చేసే ముందు ఇమ్మిగ్రేషన్ తెలిసినవాళ్లని అడగండి.

మిగతావి త్వరగా చెప్పేస్తాను.

"పదిహేనేళ్లుగా ఇక్కడే ఉన్నాను, ఇంకా అయిదేళ్లా?" అవును. ఎఫ్-1 (చదువు), హెచ్-1బీ (ఉద్యోగం), హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల కుటుంబం) వీసాల మీద గడిపిన ఏళ్లు కలవవు. కార్డు మీద రెసిడెంట్ సిన్స్ అని ఉన్న తేదీ నుంచే లెక్క. ఈ ప్రశ్న అడిగేవాళ్ల గొంతులో నీరసం నాకు తెలుసు. వాళ్ల ఏళ్లను తిన్నది సిటిజన్‌షిప్ కాదు, దేశానికి 7 శాతం పరిమితి వల్ల ఏర్పడ్డ గ్రీన్‌కార్డు క్యూ.

మూడేళ్ల దారి సిటిజన్‌ని పెళ్లి చేసుకున్నవాళ్లకు. ఆ మూడేళ్లూ భర్త లేదా భార్య సిటిజన్ అయి ఉండాలి, ఇద్దరూ కలిసి ఉండాలి. మీ భర్తో భార్యో గత నెలలోనే ఓత్ (పౌరసత్వ ప్రమాణం) తీసుకుని ఉంటే ఈ దారి ఇంకా తెరుచుకోలేదు.

అయిదేళ్లో మూడేళ్లో నిండడానికి 90 రోజుల ముందే ఫైల్ చేయవచ్చన్నది నిజమే. 91 రోజుల ముందు వేస్తే మాత్రం డినై అవుతుంది. యూఎస్‌సీఐఎస్ (ఈ దరఖాస్తులు చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ) వెబ్‌సైట్లో తేదీ లెక్కించే క్యాలిక్యులేటర్ ఉంది, వేళ్ల మీద లెక్కపెట్టకండి.

పెద్దవాళ్లు అయినంత మాత్రాన అందరికీ తెలుగులో పరీక్ష పెట్టరు. 50 ఏళ్లు నిండి 20 ఏళ్లుగా గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లకు, 55 నిండి 15 ఏళ్లుగా ఉన్నవాళ్లకు ఇంగ్లిష్ మినహాయింపు. అరవై దాటాక గ్రీన్‌కార్డు వచ్చిన తల్లిదండ్రులు అయిదేళ్లకే వెళ్తే ఇంగ్లిష్‌లోనే. 2025 అక్టోబర్ 20 నుంచి ఫైల్ చేసినవాళ్లకు సివిక్స్ (అమెరికా చరిత్ర, ప్రభుత్వం) ప్రశ్నలు 128. అడిగే 20లో 12 సరిగ్గా చెప్పాలి. కొత్తగా ఫైల్ చేసి పాత 100 ప్రశ్నల పుస్తకం పట్టుకుని చదువుతున్నవాళ్లు ఆపండి.

18 ఏళ్లలోపు పిల్లలు గ్రీన్‌కార్డుతో మీ దగ్గరే ఉంటుంటే, మీ ఓత్‌తోనే వాళ్లూ సిటిజన్లవుతారు. విడిగా ఎన్-400 వేయనక్కర్లేదు.

ఇంటర్వ్యూ పాసైన రోజున ఎవరూ సిటిజన్ కారు. ఓత్ అయ్యాకే. ఆ క్షణం నుంచి ఇండియా పౌరసత్వం ఉండదు, రెండు పాస్‌పోర్టులు పెట్టుకోవడం కుదరదు. ఇండియన్ పాస్‌పోర్టు సరెండర్ చేసి ఓసీఐ (భారత మూలాలున్న విదేశీ పౌరులకు ఇండియా ఇచ్చే కార్డు) తీసుకోండి. పాత పాస్‌పోర్టులో గడువు మిగిలి ఉందని దానిమీద ప్రయాణం చేయకండి. ఊళ్లో పొలం పోతుందని భయపడేవాళ్లకు: ఓసీఐతో వ్యవసాయ భూమి కొత్తగా కొనలేరు కానీ, నాన్నగారి నుంచి వారసత్వంగా వచ్చేది మీదే.