అంటారియోలో ప్రజారోగ్యం: కోత పడిన ప్రతిసారీ ఏం జరిగింది

2019 ఏప్రిల్ 11న కెనడాలోని అంటారియో ప్రావిన్స్ ప్రభుత్వం బడ్జెట్ ప్రవేశపెట్టింది. ప్రావిన్స్‌లోని 35 పబ్లిక్ హెల్త్ యూనిట్లను కలిపి 10 చేస్తామనీ, దానివల్ల 2021-22 నాటికి ఏడాదికి 20 కోట్ల డాలర్లు మిగులుతాయనీ అందులో చెప్పింది. ఆసుపత్రుల మీద కోత పెడితే జనం మర్నాడే రోడ్డెక్కేవారు. ఈ యూనిట్లు ఆసుపత్రులు కావు. హోటల్ వంటగదులు తనిఖీ చేసేవాళ్లు, బడిపిల్లలకు టీకాలు పడ్డాయో లేదో చూసేవాళ్లు, బాలింతల ఇళ్లకు వెళ్లే నర్సులు, అంటువ్యాధి వస్తే ఎవరి నుంచి ఎవరికి సోకిందో ఒక్కొక్కరికీ ఫోన్ చేసి కనుక్కునేవాళ్లు వీటిలో పనిచేస్తారు. వాళ్ల పని సరిగ్గా జరిగినన్నాళ్లూ వాళ్లు ఉన్నారన్న సంగతే చాలామందికి తెలియదు. అందుకే ఖర్చు తగ్గించాలనుకునే ప్రభుత్వానికి వీళ్ల పద్దు మీదే ముందుగా కన్ను పడుతుంది.

అయినా ఆ ఏడాది వ్యతిరేకత గట్టిగానే వచ్చింది. ఇలాంటి కోత ఆ ప్రావిన్స్‌కు కొత్త కాదు. పోయినసారి కోత తర్వాత ఏం జరిగిందో చూసినవాళ్లు ఇంకా ఉద్యోగాల్లోనే ఉన్నారు.

మొదట్లో ఈ వ్యవస్థను నిలబెట్టింది కూడా భయమే. 1882లో ప్రావిన్స్ స్థాయిలో ఆరోగ్య బోర్డు ఏర్పడింది. 1884 చట్టంతో ప్రతి మునిసిపాలిటీకీ స్థానిక ఆరోగ్య బోర్డు తప్పనిసరి అయింది. మరుసటి ఏడాదే పొరుగున ఉన్న మాంట్రియల్‌లో మశూచి విరుచుకుపడి, ఆ ఒక్క నగరంలోనే మూడు వేల మందికి పైగా చనిపోయారు. అంటారియో బోర్డు అటునుంచి వచ్చే రైళ్లలో ఇన్‌స్పెక్టర్లను పెట్టి ప్రయాణికులను పరీక్షించింది, టీకాలు వేయించింది. అంటారియోలో జబ్బు ఆ స్థాయిలో పాకలేదు. ఊరికి దగ్గరగా ఉండే ఆరోగ్య అధికారి, వెనక ప్రావిన్స్ అండ, ఈ రెండూ కలిస్తేనే పని జరుగుతుందని అప్పుడే తేలింది. 1983లో వచ్చిన ఆరోగ్య రక్షణ చట్టం కూడా ఈ పద్ధతినే కొనసాగించింది. ప్రతి బోర్డూ కనీసం ఏయే సేవలు అందించి తీరాలో ఆ చట్టం కింద నిర్ణయిస్తారు. ఇది గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. ప్రావిన్స్ ఇచ్చే నిధులు తగ్గినా బోర్డుల బాధ్యతలు తగ్గవు. మిగతా డబ్బు మునిసిపాలిటీ ఎక్కడినుంచో తేవాలి. దాని చేతిలో ఉన్న ప్రధాన ఆదాయం ఇంటిపన్ను.

1998లో జరిగింది సరిగ్గా ఇదే. మైక్ హారిస్ నడిపిన ప్రావిన్స్ ప్రభుత్వం బడుల ఖర్చులో పెద్ద భాగాన్ని తన మీద వేసుకుని, దానికి బదులుగా ప్రజారోగ్యం ఖర్చు మొత్తాన్ని మునిసిపాలిటీల నెత్తిన పెట్టింది. గగ్గోలు పుట్టాక 1999 నుంచి సగం భరించడానికి ఒప్పుకుంది. ఇదంతా కాగితం మీద పద్దుల మార్పులా కనిపిస్తుంది. కానీ అంటువ్యాధికి మునిసిపాలిటీ సరిహద్దు తెలియదు. ఒక పేద ఊరు నర్సుల పోస్టులు ఖాళీగా వదిలేస్తే ఆ నష్టం పక్క ఊరిదాకా వెళ్తుంది.

అంతకంటే ముందే మరో కోత పడింది. 1996లో ప్రావిన్స్ ప్రయోగశాలలు మునిసిపల్ తాగునీటి పరీక్షల నుంచి తప్పుకున్నాయి. ఆ పని ప్రైవేటు ల్యాబ్‌లకు వెళ్లింది. నీళ్లలో ప్రమాదకరమైన బ్యాక్టీరియా కనబడితే ఆరోగ్య అధికారికి చెప్పాలని ల్యాబ్‌ను కట్టడి చేసే నిబంధన మాత్రం రాలేదు. 1997లో ఆరోగ్య మంత్రి స్వయంగా పర్యావరణ మంత్రికి లేఖ రాసి ఈ లోటు పూడ్చమని అడిగారు. పని జరగలేదు.

వాకర్టన్ అంటారియోలో ఐదు వేల మంది కూడా లేని చిన్న పట్నం. 2000 మే నెలలో అక్కడ కుండపోతగా వానలు పడ్డాయి. పశువుల పేడలోని ఇ.కోలి బ్యాక్టీరియా ఒక బావిలోకి చేరింది. నీటి సరఫరా నడిపేవాళ్లు క్లోరిన్ సరిగా కలపకుండా, కలిపినట్టు రికార్డులు రాసేవారు. మే 17న ల్యాబ్ ఫలితాలు వచ్చాయి, నీళ్లు బాగాలేవని తేలింది. ఆ కాగితం నీటి సంస్థకే వెళ్లింది, ఆరోగ్య యూనిట్‌కు వెళ్లలేదు. పిల్లలకు రక్త విరేచనాలు అవుతున్నాయని తెలిసి ఆరోగ్య యూనిట్ వాకబు చేస్తే, నీళ్లు బాగానే ఉన్నాయని సమాధానం వచ్చింది. చివరికి మే 21న స్థానిక మెడికల్ ఆఫీసర్ డాక్టర్ ముర్రే మెక్‌క్విగ్ ఆ మాట నమ్మకుండా, నీళ్లు కాచుకునే తాగాలని సొంత నిర్ణయంతో హెచ్చరిక జారీ చేశారు. ఏడుగురు చనిపోయారు. సుమారు 2,300 మంది జబ్బుపడ్డారు. ల్యాబ్ ఫలితాలు నేరుగా ఆరోగ్య యూనిట్‌కు అంది ఉంటే వందల మంది జబ్బుపడకుండా ఉండేవారని విచారణ జరిపిన జస్టిస్ డెన్నిస్ ఓకానర్ తేల్చారు. నీళ్ల ల్యాబ్‌లు చేయి మారినప్పుడు ఒక్క నిబంధన రాసి ఉంటే చాలు. ఇది చదివినప్పుడల్లా నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఇంత జరిగినా కోతలు ఆగలేదు. 2001లో ప్రావిన్స్ ప్రజారోగ్య ప్రయోగశాలలో పనిచేసే అయిదుగురు శాస్త్రవేత్తలను తీసేశారు. 2003లో హాంకాంగ్ నుంచి తిరిగొచ్చిన ప్రయాణికురాలితో సార్స్ అనే ఊపిరితిత్తుల అంటువ్యాధి టొరంటోకు చేరింది. దేశంలో 44 మంది చనిపోయారు. వేలమందిని ఇళ్లలో క్వారంటైన్‌లో ఉంచాల్సి వచ్చింది. మిగతా పనులన్నీ పక్కనపెట్టి సిబ్బందిని దీనికే మళ్లించినా టొరంటో యూనిట్‌కు మనుషులు చాలలేదు. జస్టిస్ ఆర్చీ క్యాంప్‌బెల్ కమిషన్ తన నివేదికల్లో ప్రజారోగ్య వ్యవస్థ ఎంత బలహీనపడిందో వివరంగా రాసింది. ప్రావిన్స్ వాటా పెంచాలనీ చెప్పింది. ఆ తర్వాతే డబ్బు వచ్చింది: ప్రావిన్స్ వాటా 2005లో 55 శాతం, 2006లో 65, 2007లో 75 శాతానికి పెరిగింది.

పన్నెండేళ్ల తర్వాత డగ్ ఫోర్డ్ ప్రభుత్వం చేయి వేసింది ఈ 75 మీదే. టొరంటోలో ప్రావిన్స్ వాటాను క్రమంగా 50 శాతానికీ, మిగతా చోట్ల 60, 70 శాతాలకీ తగ్గించాలన్నది ప్రణాళిక. పైగా ఏప్రిల్ 1 నుంచే వర్తిస్తుందన్నారు. మునిసిపాలిటీలు అప్పటికే ఆ ఏడాది బడ్జెట్లు ఆమోదించుకుని, పన్నులు కూడా ఖరారు చేసుకున్నాయి. పదేళ్లలో వంద కోట్ల డాలర్లు పోతాయని టొరంటో ఆరోగ్య బోర్డు అధ్యక్షుడు జో క్రెస్సీ లెక్క చెప్పారు. మేయర్ జాన్ టోరీ, తానూ ఫోర్డ్ పార్టీకి ఒకప్పటి నాయకుడే అయినా, సంతకాల కోసం ఇంటింటికీ తిరిగారు. వైద్యులు, నర్సుల సంఘాలు, చిన్న పట్నాల కౌన్సిళ్లు గొంతు కలిపాయి. వాకర్టన్, సార్స్ అనే రెండు పేర్లు ఆ రోజుల్లో ప్రతి ప్రసంగంలో వినిపించాయి.

యూనిట్లను కలపాలన్న ఆలోచన ఫోర్డ్‌తో పుట్టింది కాదని కూడా చెప్పుకోవాలి. 2017లో, అప్పటి లిబరల్ ప్రభుత్వ హయాంలోనే, ఒక నిపుణుల కమిటీ 14 ప్రాంతీయ సంస్థలు చాలని సిఫార్సు చేసింది. చిన్న యూనిట్లకు నిపుణులు దొరకడం కష్టమన్న మాటలో నిజం ఉంది. కానీ ఆ కమిటీ చెప్పింది వ్యవస్థను బలపరచడానికి. 2019లో విలీనం, డబ్బు కోత ఒకే మూటలో వచ్చాయి. పది లక్షల చదరపు కిలోమీటర్లు దాటిన ప్రావిన్స్‌లో పది ఆఫీసులంటే మారుమూల ఊరి బావి గురించి ఎవరికి ఫోన్ చేయాలి?

మే 27న ప్రభుత్వం వెనక్కి తగ్గి, ఆ ఏడాదికి కోత లేదంది. ఆగస్టులో మాత్రం 2020 జనవరి నుంచి అందరికీ 70-30 అని ప్రకటించింది. అంటే ఎక్కడైనా మునిసిపాలిటీ 30 శాతం భరించాలి. ఆ జనవరి 25నే కెనడాలో మొదటి కోవిడ్ కేసు టొరంటో ఆసుపత్రిలో బయటపడింది. విలీనాల చర్చ మూలనపడింది. ప్రభుత్వమే అదనపు నిధులిచ్చి ఆ 30 శాతం భారం మునిసిపాలిటీల మీద పడకుండా చూసింది.

75-25 పాత లెక్క 2024 జనవరిలో తిరిగి వచ్చింది. విలీనాలు స్వచ్ఛందంగా మారి, అప్పటికి 34గా ఉన్న యూనిట్లు 2025 జనవరి 1 నాటికి 29 అయ్యాయి. వాటా తిరిగొచ్చినా, ఏటా పెంపు మాత్రం మూడేళ్లపాటు 1 శాతమేనన్నారు. జీతాలు, అద్దెలు అంతకంటే వేగంగా పెరిగాయి. సరిగ్గా ఆ కాలంలోనే, 2024 అక్టోబర్‌లో తట్టు జబ్బు మొదలై ఏడాదిలో అంటారియోలో 2,300 మందికి పైగా సోకింది. నైరుతి ప్రాంతంలోని పల్లెలు, చిన్న పట్నాలకే ఎక్కువ దెబ్బ తగిలింది. తట్టు వైరస్ రోగి వెళ్లిపోయాక కూడా గదిలో రెండు గంటలదాకా గాలిలో ఉండగలదు. ఒక పిల్లవాడికి వస్తే, ఆ రోజు క్లినిక్‌లో, బడిలో, బస్సులో పక్కన ఉన్న ప్రతి ఒక్కరినీ వెతికి ఫోన్ చేయాలి, టీకా వివరాలు అడగాలి, గర్భిణులను, పసిపిల్లలను విడిగా పట్టించుకోవాలి. ఆ ఫోన్లు చేసింది ఈ యూనిట్ల నర్సులే.