గడిలో ఇమడని దెబ్బ

మొన్న పైడితల్లమ్మ పండగప్పుడు మూడు లాంతర్ల దగ్గర గుండెకి కట్టుకున్న రేకు తప్పెట్లు కొడుతూ తప్పెటగుళ్ళు ఆడుతుంటే మా పక్కింటి కుర్రాడు ఫోన్లో రికార్డు చేసుకున్నాడు. చీపురుపల్లి వైపు వాడు, విజయనగరంలో డిగ్రీ చదువుతున్నాడు. రాత్రిళ్ళు మన యాసలోనే ర్యాప్ రాసుకుంటాడు, బీట్లు కూడా తనే కట్టుకుంటాడు. ఆ రికార్డింగులోంచి చిన్న ముక్క కోసి ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి క్వాంటైజ్ నొక్కాడు. అది నొక్కితే దెబ్బ ఎక్కడ పడినా సరే, సాఫ్ట్‌వేర్ కాలాన్ని సమానమైన గళ్ళుగా విడగొట్టి, ఆ దెబ్బని దగ్గర్లో ఉన్న గడి గీత మీదికి లాగేస్తుంది. కాసేపటికి నన్ను పిలిచాడు. "ఏటయ్యిందో గానీ బాబాయ్, బీటు సచ్చిపోనాది."

నిజమే. జనం మధ్యలో నిలబడి విన్నప్పుడు కాళ్ళు ఆగనివ్వని దరువు, స్పీకర్లోకి వచ్చేసరికి గోడకి మేకు కొడుతున్నట్టుంది.

జముకు, తప్పెట లాంటి మన పల్లె వాయిద్యాల్ని తమ పాటల్లోకి తెచ్చుకుందామని చూసే మన కుర్రాళ్ళు ఎక్కువగా ఇక్కడే ఆగిపోతారు. రికార్డింగు బాగోలేదనుకుని వదిలేసి, నెట్లో దొరికే రెడీమేడ్ డ్రమ్స్ పెట్టుకుంటారు. వాళ్ళకి అమెరికాలోని డెట్రాయిట్‌లో పుట్టి, ర్యాప్ పాటలకి బీట్లు కట్టిన జేమ్స్ యాన్సీ అనే మనిషి గురించి చెప్పాలనిపిస్తుంది. మొదట్లో జే డీ, 2001 నుంచి జె డిల్లా అన్న పేరుతో పాటలు విడుదల చేశాడు.

1974 ఫిబ్రవరి 7న పుట్టాడు. తల్లి మౌరీన్ ఒపెరా నేర్చుకున్న గాయని, తండ్రి జాజ్ బేస్ వాయించేవాడు. కోనంట్ గార్డెన్స్ అనే పేటలో పెరిగి, స్కూల్లో దొరికిన ఇద్దరు స్నేహితులతో కలిసి స్లమ్ విలేజ్ అనే బృందం పెట్టాడు. తను ర్యాప్ పాడేవాడు, ముగ్గురికీ బీట్లు చేసేవాడు. ఆ ఊళ్ళోనే ఉండే సంగీతకారుడు యాంప్ ఫిడ్లర్ తన ఇంట్లో ఉన్న ఎంపీసీ అనే యంత్రం ముందు అతన్ని కూర్చోబెట్టాడు. రబ్బరు మీటలు పదహారు ఉంటాయి దానికి. ఒక్కో మీటకి ఒక్కో శబ్దం పెట్టుకుని వేళ్ళతో కొట్టడమే. ఎక్కడైనా చెయ్యి తడబడితే యంత్రమే సరిచేస్తుంది.

డిల్లా ఆ సరిచేయడాన్ని ఆపేశాడు. ఎప్పుడూ కాదు, అన్ని శబ్దాలకీ కాదు. అతని పనితనమంతా ఆ ఎంపికలోనే ఉంది. డ్రమ్స్‌లో తాళాల జతలా టిక్‌టిక్‌మనే హైహ్యాట్‌ని గీత మీదే తూచినట్టు ఉంచేవాడు. టప్‌మనే స్నేర్ దెబ్బని వెంట్రుకవాసి ముందే పడేలా జరిపేవాడు. ధుమ్మనే కిక్ డ్రమ్‌ని మీట మీద చేత్తో కొట్టి, ఎక్కడ పడితే అక్కడే వదిలేసేవాడు. మూడూ కలిసి మోగినప్పుడు పాట ఒక పక్కకి ఒరిగి, పడిపోయేలోగా మళ్ళీ నిలదొక్కుకున్నట్టు ఉంటుంది. మొదటిసారి వింటే తప్పు జరిగిందేమో అనిపిస్తుంది. నాలుగోసారికి తల దానంతటదే ఊగుతుంది. నేను మావాడికి హెడ్‌ఫోన్స్ పెట్టి వినిపించింది ఈ తేడానే, ఒక్కో శబ్దాన్నీ విడివిడిగా.

1995లో ఫార్‌సైడ్ బృందం ఆల్బమ్‌తో, మరుసటి ఏడాది ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ ఆల్బమ్‌తో అతని బీట్లు అమెరికా అంతా మోగాయి. పేరు మాత్రం పెద్దగా పైకి రాలేదు. సంగీతకారుల్లో మాత్రం క్యాసెట్లు చేతులు మారుతూనే ఉన్నాయి. 2000లో వచ్చిన వూడూ ఆల్బమ్‌ని గాయకుడు డీఏంజెలో చేస్తున్నప్పుడు, డ్రమ్మర్ క్వెస్ట్‌లవ్ ఆ ఒరిగే నడకని చేత్తో వాయించడం సాధన చేశాడు. మనిషిలా వాయించమని యంత్రానికి ఒకడు నేర్పితే, ఆ యంత్రాన్ని విని మనుషులు తమ చేతివాటం మార్చుకున్నారు. ఇంతకంటే పెద్ద గౌరవం ఏ వాయిద్యకారుడికి దక్కుతుంది?

రికార్డు కంపెనీల దగ్గర ఆ గౌరవం దక్కలేదు. ఒక పెద్ద కంపెనీ కోసం అతను ర్యాప్ పాడిన ఆల్బమ్‌ని వాళ్ళు విడుదల చేయకుండా మూల పడేశారు. 2016లో, అతను పోయిన పదేళ్ళకి అది బయటికొచ్చింది. 2003లో తనే సొంతంగా రఫ్ డ్రాఫ్ట్ అనే ఆల్బమ్ తెచ్చాడు. గరగరలాడే శబ్దం, క్యాసెట్ మీద రికార్డు చేసినట్టుంటుంది. అతని ర్యాప్‌లో పెద్ద పదాలు ఉండవు, కథలూ తక్కువే. చిన్న చిన్న మాటల్ని డ్రమ్ముకి జతగా కొట్టినట్టు వేస్తాడు. ర్యాపర్‌గా అతన్ని తక్కువ అంచనా వేసేవాళ్ళతో నేను ఒప్పుకోను. ఆ గొంతు కూడా అతని బీటులో ఒక వాయిద్యమే.

అప్పటికే అరుదైన రక్తవ్యాధి, ఒంట్లోని రక్షణశక్తే ఒంటి మీద తిరగబడే లూపస్ రెండూ పట్టుకున్నాయి. లాస్ ఏంజెలెస్ మారాడు. డోనట్స్ ఆల్బమ్ పని కొంత ఆసుపత్రి మంచం మీదే సాగింది. వేళ్ళు వాచి బిగుసుకుపోతే తల్లి మర్దనా చేసేది, మళ్ళీ మీటలు నొక్కేవాడు. 2005 చివర్లో వీల్‌చెయిర్‌లో కూర్చుని యూరప్‌లో ప్రదర్శనలిచ్చాడు. 2006 ఫిబ్రవరి 7న, తన 32వ పుట్టినరోజున, డోనట్స్ విడుదలైంది. మూడు రోజులకి చనిపోయాడు. అందులో ఉన్న 31 ముక్కల్లో మొదటిదాని పేరే అవుట్రో, అంటే ముగింపు. అతని ఎంపీసీ ఇప్పుడు వాషింగ్టన్‌లో స్మిత్‌సోనియన్ వారి మ్యూజియంలో ఉంది.

ఇదంతా విని మావాడు, "మనకెందుకు బాబాయ్ అంత దూరం" అన్నాడు. వాడన్నదీ నిజమే. విజయనగరంలో 1919లో సంగీత కళాశాల పెట్టినప్పుడు మొదటి అధ్యక్షుడు ఆదిభట్ల నారాయణదాసు. రెండు చేతులు, రెండు కాళ్ళు, తల, ఈ అయిదింటితో అయిదు వేర్వేరు తాళాలు ఒకేసారి చూపించేవారని ఆయన గురించి ఈ ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుంటారు. వేర్వేరు నడకల్ని ఒకే ఒంట్లో పట్టి ఉంచడం ఇక్కడి వాళ్ళకి కొత్త విద్య కాదు.

గురజాడ మాటకొస్తే, దేశభక్తి గేయం పాదాన్ని వేళ్ళ మీద లెక్కపెట్టి చూడండి. దేశ, మునుప్రే, మించు, మన్నా. మూడు, నాలుగు, మూడు, నాలుగు. మొత్తం 14 మాత్రలు. సాఫ్ట్‌వేర్ తెరవగానే కనిపించేది మాత్రం 16 గళ్ళు. ఈ నడకలో రాసుకున్న ర్యాప్‌ని అక్కడ పెడితే రెండు గళ్ళు మిగులుతాయి. వాటిని నింపడానికి కుర్రాళ్ళు అవసరం లేని "యో", "బ్రో" తెచ్చి ఇరికిస్తారు. ఆ రెండు గళ్ళూ ఖాళీగా వదిలితే ఊపిరి తీసుకోవచ్చు. లేదంటే గడినే ఏడుకి మార్చుకోవచ్చు. సెట్టింగుల్లో ఒక అంకె మారిస్తే అయిపోయేదానికి పాదాన్ని చంపుకోవడం ఎందుకు?

ఆ రాత్రి మేము ఆ ముక్కని తెర మీద పెద్దది చేసి చూశాం. తప్పెట రేకు మీద చేతి దెబ్బ కంటే ముందే కాలి గజ్జెల చప్పుడు సన్నగా లేచింది. ఆడేవాళ్ళు ఇరవై మంది దాకా ఉన్నారు కాబట్టి దెబ్బ కూడా ఒక్క గీతలా లేదు, గుప్పెడు గింజలు చల్లినట్టు కాస్త పరుచుకుంది. క్వాంటైజ్ ఆ గింజలన్నిటినీ ఒకే చోట కుప్ప పోసింది. మావాడు అది తీసేశాడు. తప్పెటని ఉన్నదున్నట్టు వదిలి, తను పెట్టిన కిక్‌ని మాత్రం చెవితో వింటూ వెనక్కి జరుపుకుంటూ వచ్చాడు. రెండు గంటలు పట్టింది. ఒకచోట ఇద్దరం ఒకేసారి తలూపాం.

జముకుతో మాత్రం ఇంకా పేచీ తెగలేదు. తోలు మధ్యలోంచి వచ్చే తీగని లాగి మీటితే ఆ శబ్దం సాగుతూ పైకి పోతుంది. అందులో దెబ్బ ఎక్కడ మొదలైందో తెర మీద ఎంత వెతికినా దొరకడం లేదు. వచ్చే ఆదివారం వాళ్ళ ఊళ్ళో జముకు వాయించే తాతని కలిసి, కత్తెర ఎక్కడ పెట్టాలో ఆయన్నే అడుగుతానన్నాడు.