బ్యాకప్ కోసం హార్డ్ డిస్క్: అపోహలు - వాస్తవాలు

పాడైన డిస్కుల్లోంచి ఫైళ్లు బయటికి తీయడం నా వృత్తి. "బ్యాకప్ ఉందండీ, ఇదిగో ఇదే" అంటూ చచ్చిపోయిన డిస్క్‌నే బల్ల మీద పెట్టేవాళ్లు నా దగ్గరికి తరచూ వస్తారు. ఫైళ్లు దొరికినా దొరక్కపోయినా, వెళ్తూ వెళ్తూ అందరూ అడిగేది ఒకటే: "ఈసారి ఏది కొనమంటారు? గట్టిగా ఉండాలి, మరీ ఖరీదు కాకూడదు." చెప్తాను. అయితే ఆ జవాబు బుర్రకెక్కాలంటే ముందు కొన్ని నమ్మకాలు పక్కన పెట్టాలి.

అపోహ: ఫలానా కంపెనీ డిస్కులు పాడవవు

ఇవాళ ప్రపంచంలో తిరుగుడు డిస్కులు (లోపల పళ్లేలు తిరిగే మామూలు హార్డ్ డిస్కులు) తయారుచేసే పెద్ద కంపెనీలు మూడే మిగిలాయి: సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా. శాంసంగ్ హార్డ్ డిస్కుల వ్యాపారం 2011లో సీగేట్ చేతికి పోయింది. హిటాచీది 2012లో వెస్టర్న్ డిజిటల్ కొనేసింది. డబ్బా మీద ఇంకేదో పేరున్నా మూత విప్పితే లోపల ఉండేది ఈ మూడింట్లో ఒకటే.

బ్యాక్‌బ్లేజ్ అనే క్లౌడ్ బ్యాకప్ కంపెనీ తన డేటా సెంటర్లలో ఏ మోడల్ డిస్కులు ఎన్ని పోతున్నాయో 2013 నుంచి లెక్క రాసి అందరికీ చూపిస్తోంది. 2024లో మొత్తం మీద నూటికి 1.57 పోయాయి. ఆ పట్టికలు చదివితే కంపెనీకీ కంపెనీకీ మధ్య కన్నా మోడల్‌కీ మోడల్‌కీ మధ్యే తేడా ఎక్కువ కనిపిస్తుంది. సీగేట్‌దే ఒక 3 టెరాబైట్ల మోడల్ అందులో బాగా అపఖ్యాతి పాలైంది. ఆ తర్వాత అదే కంపెనీ తెచ్చిన 4 టెరాబైట్ల మోడల్ దానికంటే ఎన్నో రెట్లు నయమనిపించుకుంది. కాబట్టి మీ బాబాయి డిస్క్ ఒకటి ఏడాదికే పోయిందని ఆ కంపెనీనే వెలివేయడంలో అర్థం లేదు. పైగా ఒక మోడల్ మంచిదో చెడ్డదో ధీమాగా తేలడానికి ఏళ్లు పడుతుంది. అప్పటికి ఆ మోడల్ అంగట్లో దొరకదు.

అపోహ: ఖరీదైనది కొంటే డేటా భద్రం

ఖరీదైన డిస్కుల వివరాల పత్రంలో "సగటున 10 లక్షల గంటలు" లాంటి అంకె కనిపిస్తుంది. అంటే 114 ఏళ్లు. ఒక్క డిస్క్ అన్నేళ్లు బతుకుతుందని దానర్థం కాదు. వేల డిస్కులు కలిపి నడిపితే ఏడాదికి నూటికి 0.88 కన్నా ఎక్కువ పోవు అని చెప్పడానికి అదొక పద్ధతి, అంతే. 2007లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దాదాపు లక్ష డిస్కుల లెక్కలు తీసి చూస్తే, మార్చాల్సి వచ్చినవి సాధారణంగా నూటికి 2 నుంచి 4 దాకా ఉన్నాయి. కొన్నిచోట్ల 13 దాకా వెళ్లింది. అన్నిటికన్నా నాకు నచ్చిన సంగతి: వాళ్ల లెక్కల్లో మామూలు కంప్యూటర్లలో వాడే చవక సాటా రకం డిస్కులు, సర్వర్లలో వాడే ఖరీదైన స్కసీ రకం డిస్కుల కన్నా ఎక్కువేమీ పోలేదు.

మరి ఎక్కువ డబ్బుకి ఏమీ రాదా అంటే, వస్తుంది. సర్వర్ల కోసం చేసినవి చదవడం, రాయడం కలిపి ఏడాదికి 550 టెరాబైట్లు తట్టుకుంటాయని రేటింగ్ ఇచ్చి, 5 ఏళ్ల వారంటీతో అమ్ముతారు. పక్కపక్కన డజను డిస్కులు తిరుగుతున్నా ఆ కంపనాలు తట్టుకుంటాయి. వారానికోసారి ఫోటోలు, లెక్కల ఫైళ్లు కాపీ చేసి బీరువాలో పెట్టుకునే మనిషికి వీటితో ఏం పని?

అందుకే నా సలహా ఎప్పుడూ ఒకటే. ఒక గొప్ప డిస్క్‌కి పెట్టే డబ్బుతో రెండు మామూలు డిస్కులు కొనండి.

దీని లెక్క చిన్నదే. ఏ డిస్క్‌కైనా ఏడాదిలో పోయే అవకాశం నూటికి 2 అనుకుందాం. ఎంత డబ్బు పోసినా అది 1కి తగ్గుతుందేమో, సున్నా కాదు. అదే రెండు డిస్కులు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా ఉంటే, రెండూ అదే ఏడాదిలో పోయే అవకాశం 10,000కి 4. ఒకటి పోగానే మీరు ఇంకోటి తెచ్చి కాపీ చేసుకుంటే ఇంకా తక్కువ. కానీ మెలిక అంతా ఆ "సంబంధం లేకుండా" అన్న మాటలోనే ఉంది. ఒకే రోజు, ఒకే మోడల్, ఒకే డబ్బాలోంచి తీసిన రెండు డిస్కులకు ఒకే తయారీ లోపం ఉండొచ్చు. రెండూ ఒకే కంప్యూటర్‌కి ఒకేసారి తగిలించి ఉంటే ఒక్క పిడుగు, ఒక్క పాడు ఎడాప్టర్ రెండిటినీ తీసుకుపోతుంది. ఒకే బ్యాగులో ఉంటే ఒకే దొంగ. ఒకే అరలో ఉంటే ఒకే నీటి లీకు. నా దగ్గరికి జంటగా వచ్చే డిస్కుల కథలన్నీ దాదాపు ఇలాంటివే.

కాబట్టి రెండూ వేర్వేరు మోడళ్లు చూసుకోండి, వీలైతే వేర్వేరు నెలల్లో కొనండి. ఒకటి వేరే ఇంట్లో, నమ్మకమైన మనిషి దగ్గర ఉంచండి. మూడు ప్రతులు, రెండు రకాల మాధ్యమాలు, ఒకటి వేరే చోట అనే 3-2-1 సూత్రాన్ని పీటర్ క్రోగ్ అనే ఫోటోగ్రాఫర్ ప్రచారంలోకి తెచ్చారు. కంప్యూటర్‌లో ఉన్న అసలు ఒకటి, ఇంట్లో డిస్క్ ఒకటి, ఊరవతల డిస్కో క్లౌడో ఒకటి అయితే చాలా ఇళ్లకు సరిపోతుంది.

అపోహ: స్మార్ట్ రిపోర్ట్ "గుడ్" అంటోంది, ఇక భయం లేదు

డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే చిట్టా పేరు స్మార్ట్. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చూడొచ్చు. 2007లో గూగుల్ తన లక్షకు పైగా డిస్కుల మీద చేసిన అధ్యయనంలో, పోయిన వాటిలో నూటికి 36కి పైగా ఏ హెచ్చరికా ఇవ్వకుండానే పోయాయని తేలింది. అంటే "గుడ్" అన్న మాటకు పెద్ద విలువ లేదు.

"బ్యాడ్"కి మాత్రం చాలా విలువ ఉంది. అదే అధ్యయనంలో మొదటి స్కాన్ ఎర్రర్ (డిస్క్ తనని తాను తనిఖీ చేసుకునేటప్పుడు దొరికే తప్పు) కనిపించిన డిస్క్, రానున్న 60 రోజుల్లో పోయే అవకాశం మిగతావాటికన్నా 39 రెట్లు ఎక్కువని తేలింది. 5, 197, 198 నంబర్ల వరుసలు చూడండి: వేరే చోటికి మార్చిన సెక్టార్లు (డేటా దాచే చిన్న గడులు), చదవలేక పెండింగ్‌లో పెట్టినవి, ఇక చదవలేనని వదిలేసినవి. అవి సున్నా దాటి పెరుగుతూ ఉంటే ఆ డిస్క్‌కి బ్యాకప్ ఉద్యోగం నుంచి సెలవిచ్చేయండి. ఫార్మాట్ చేస్తే బాగవుతుందని చూడకండి.

అపోహ: ఎస్‌ఎస్‌డీ కొంటే గొడవే ఉండదు

ఎస్‌ఎస్‌డీ అంటే తిరిగే భాగాలేవీ లేకుండా చిప్పుల్లో డేటా దాచేది. కిందపడితే తట్టుకుంటుంది, వేగంగా ఉంటుంది, ప్రయాణాలకు భేష్. ఒప్పుకుంటాను. కానీ కరెంటు లేకుండా అరలో పడుకోబెట్టడానికి చేసిన వస్తువు కాదది. చిప్పుల పరిశ్రమకు ప్రమాణాలు పెట్టే జెడెక్ సంస్థ ప్రకారం, రాతల పరిమితి అంతా వాడేసిన మామూలు ఎస్‌ఎస్‌డీ 30 డిగ్రీల దగ్గర కరెంటు లేకుండా ఏడాది పాటు డేటా నిలబెట్టుకుంటే చాలు. కొత్తది అంతకన్నా చాలా ఎక్కువకాలం ఆగుతుంది, వేడి పెరిగితే ఆ గడువు తగ్గుతుంది. ఇంకో సంగతి మా వైపు నుంచి: తిరుగుడు డిస్క్ పోయేముందు చాలాసార్లు శబ్దమో, నెమ్మదో ఏదో ఒక గుర్తు ఇస్తుంది. ఎస్‌ఎస్‌డీని నడిపించే చిప్, అంటే కంట్రోలర్ పోతే నిన్నటిదాకా పనిచేసి ఇవాళ కనిపించదు. చెరిపిన ఫైళ్ల చోటుని ఎస్‌ఎస్‌డీ తానే ఖాళీ చేసుకునే ట్రిమ్ అనే పని జరిగాక, చెరిపిన ఫైళ్లు వెనక్కి తేవడమూ మా చేతిలో ఉండదు.

టెరాబైట్‌కి అయ్యే ఖర్చు చూసుకున్నా బీరువా బ్యాకప్‌కి తిరుగుడు డిస్కే ఇంకా గిట్టుబాటు.

అపోహ: పోర్టబుల్ అయినా డెస్క్‌టాప్ అయినా లోపల ఒకటే

కాదు. చిన్న 2.5 అంగుళాల డిస్క్ యూఎస్‌బీ కరెంటుతోనే నడుస్తుంది. పెద్ద 3.5 అంగుళాలదానికి వేరే ఎడాప్టర్ కావాలి, జేబులో పట్టదు, కానీ పెద్ద సామర్థ్యాలకు టెరాబైట్ లెక్కన తరచూ చవక పడుతుంది. రికవరీ వైపు నుంచి చూస్తే ఇంకా పెద్ద తేడా ఉంది. పెద్దవాటిలో పెట్టె విప్పితే సాధారణంగా మామూలు సాటా డిస్క్ బయటపడుతుంది. యూఎస్‌బీ బోర్డు ఒక్కటే పోయి ఉంటే డిస్క్‌ని నేరుగా కంప్యూటర్‌కి తగిలించి చాలాసార్లు ఫైళ్లు తీసుకోవచ్చు. కొన్ని చిన్న పోర్టబుల్ మోడళ్లలో యూఎస్‌బీ సాకెట్‌ని డిస్క్ బోర్డుకే అతికించేస్తారు. కొన్నిట్లో మీరు పాస్‌వర్డ్ పెట్టకపోయినా బోర్డులోని చిప్ డేటాని ఎన్‌క్రిప్ట్ చేస్తూనే (రహస్య లిపిలోకి మారుస్తూనే) ఉంటుంది. అక్కడ సాకెట్ ఊడితే చిన్న రిపేరు కాస్తా పెద్ద ఖర్చు అవుతుంది. ఇంట్లో కదలకుండా ఉండే ప్రతికి 3.5, బయట ఉంచే ప్రతికి 2.5 తీసుకోమంటాను.

అపోహ: ఎస్‌ఎంఆర్ అంటే చెత్త, ముట్టుకోకూడదు

ఎస్‌ఎంఆర్ డిస్కుల్లో డేటా గీతలు ఒకదాని అంచు మీదికి ఇంకోటి ఎక్కేలా రాస్తారు. తక్కువ చోటులో ఎక్కువ పడుతుంది. మధ్యలో ఒక గీత మార్చాలంటే పక్కవీ తిరగరాయాలి, అందుకే పెద్ద రాతల్లో ఒక్కోసారి నత్తనడక నడుస్తుంది. 2020లో వెస్టర్న్ డిజిటల్ కొన్ని రెడ్ మోడళ్లలో ఇది వాడిన సంగతి బయటికి చెప్పలేదని పెద్ద గోల జరిగింది. ఆ గోల సబబే, ఎందుకంటే అవి నాస్ పెట్టెల (నెట్‌వర్క్‌కి తగిలించే డిస్కుల పెట్టెలు) కోసం అమ్మినవి, రెయిడ్‌లో (అనేక డిస్కుల్ని కలిపి ఒకటిగా నడిపే పద్ధతి) డిస్క్ మార్చి తిరిగి నింపేటప్పుడు ఎస్‌ఎంఆర్ చాలా ఇబ్బంది పెడుతుంది. వారానికోసారి కొత్త ఫైళ్లు చేర్చుకునే ఒంటరి బ్యాకప్ డిస్క్‌కి అది పెద్ద లోపమేమీ కాదు. పెద్ద సామర్థ్యం ఉన్న 2.5 అంగుళాల డిస్కుల్లో ఎస్‌ఎంఆర్ కానిది దొరకడమే కష్టం.

అపోహ: రెయిడ్ ఉంది, లేదా క్లౌడ్‌లో సింక్ అవుతోంది, అదే బ్యాకప్

రెయిడ్ ఒక డిస్క్ పోయినా పని ఆగకుండా చూస్తుంది. మీరు ఫైల్ చెరిపితే అదీ అంతే శ్రద్ధగా అన్ని డిస్కుల్లోనూ చెరుపుతుంది. సింక్‌దీ అదే ధోరణి, పాత వెర్షన్లు దాచే సదుపాయం ఆన్‌లో ఉంటే తప్ప. ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ వైరస్ అయితే తగిలించి ఉన్న ప్రతి డిస్క్‌నీ వెతికి మరీ తాళం వేస్తుంది. కాపీ అవగానే బ్యాకప్ డిస్క్‌ని ఎజెక్ట్ చేసి, కేబుల్ పీకేయండి. దీనికి ఖర్చేమీ లేదు.

మరికొన్ని, గబగబా

1 టెరాబైట్ డిస్క్ విండోస్‌లో 931 గిగాబైట్లుగా కనిపిస్తే మోసం కాదు. కంపెనీ 1000 చొప్పున లెక్కిస్తుంది, విండోస్ 1024 చొప్పున.

వారంటీ డిస్క్‌కే, డేటాకి కాదు. కొత్త డిస్క్ ఇస్తారు, ఖాళీది.

టకటకమని కొట్టుకుంటున్న డిస్క్‌ని ఫ్రీజర్‌లో పెట్టమని ఇప్పటికీ ఎవరో ఒకరు చెప్తూనే ఉంటారు. బయటికి తీయగానే లోపల తేమ పడుతుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిన చందం. వెంటనే కరెంటు తీసేసి, మళ్లీ ఆన్ చేయకుండా తీసుకొస్తే మాకు ఏదో ఒక దారి మిగులుతుంది.

నమ్మలేనంత చవకగా 16 టెరాబైట్ల బుల్లి డిస్క్ కనిపిస్తే నమ్మకండి. విప్పితే ఒక మెమరీ కార్డు ఉంటుంది, పెద్ద సైజు చూపేలా మార్చింది. నిండాక పాత ఫైళ్ల మీదే రాసేస్తుంది, కాపీ మాత్రం సజావుగా అయినట్టే కనిపిస్తుంది. అసలు కంపెనీవాటితోనూ ఒక జాగ్రత్త ఉంది. 2025 మొదట్లో, ఎన్నో వేల గంటలు తిరిగిన సీగేట్ సర్వర్ డిస్కుల స్మార్ట్ లెక్కని సున్నాకి తెచ్చి ఎవరో కొత్తవిగా అమ్మిన వ్యవహారం బయటపడింది. ఫార్మ్ అనే మరో లోపలి చిట్టాలో అసలు గంటలు అలాగే ఉండిపోవడంతో దొరికిపోయారు. కొన్నాక సీరియల్ నంబర్‌ని కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి వారంటీ తేదీ చూసుకోండి.

ఇక డిస్క్ ఇంటికి రాగానే ఫైళ్లు పోసేయకండి. డిస్క్‌ని పరీక్షించే సాఫ్ట్‌వేర్, విండోస్ వాళ్లయితే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ గానీ, లినక్స్, మ్యాక్ వాళ్లయితే ఎఫ్3 గానీ పెట్టి మొత్తం ఒకసారి నింపి, తిరిగి చదివించండి. 4 టెరాబైట్లకు రాత్రంతా, ఒక్కోసారి మర్నాడు కూడా పడుతుంది, పట్టనివ్వండి. నకిలీదైనా, పుట్టుకతోనే లోపం ఉన్నదైనా వెనక్కిచ్చే గడువులోనే బయటపడుతుంది. తర్వాత రెండు మూడు నెలలకోసారి బ్యాకప్‌లోంచి ఓ నాలుగు ఫైళ్లు వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. పాత వీడియో ఒకటి, ఈ మధ్య దాచిన పత్రం ఒకటి అలా. తెరుచుకోకపోతే డిస్క్‌ని తిట్టేముందు కేబుల్ మార్చి చూడండి. స్మార్ట్‌లో 199 నంబర్ వరుస పెరుగుతుంటే తప్పు చాలావరకు కేబుల్‌దే.