కుడిచేతిలో ఉంది భావం

పిల్లలూ,

స్వరాలు తప్పకుండా, తాళం జారకుండా వాయిస్తున్నారు. సంతోషం. అయినా టీచర్ "ఇంకొంచెం భావం కావాలి" అనగానే కొందరు ఒళ్ళు ఊపడం మొదలుపెడతారు, ఇంకొందరు ప్రతి స్వరానికీ వైబ్రాటో (తీగ మీద వేలిని ఊపి స్వరాన్ని వణికించడం) వేసేస్తారు. సంగీతకర్త మొజార్ట్ తండ్రి లియోపోల్డ్ మొజార్ట్ 1756లో అచ్చయిన తన వయొలిన్ పాఠాల పుస్తకంలోనే ఈ రెండో అలవాటును మందలించాడు. ప్రతి స్వరాన్నీ అలా ఊపేవాళ్ళను చూస్తే ఒళ్ళు వణికే జబ్బేదో ఉందనిపిస్తుందన్నాడు. నాదీ అదే మాట. ముందు కుడిచేతి సంగతి చూడండి.

కుడిచేత్తో పట్టుకునే కమానును ఎంత వేగంగా లాగుతున్నాం, తీగ మీద ఎంత బరువు పెడుతున్నాం, బ్రిడ్జికి (తీగలను ఎత్తి పట్టే చెక్కముక్కకు) ఎంత దగ్గరగా లాగుతున్నాం? వయొలిన్ అయినా చెల్లో అయినా నాదం మారేది ఈ మూడింటితోనే. బ్రిడ్జి దగ్గర నెమ్మదిగా, బరువుగా లాగితే నాదం చిక్కగా వస్తుంది. ఫింగర్ బోర్డు (వేళ్ళతో తీగను నొక్కే పలక) వైపు జరిగి తేలిగ్గా, కాస్త వేగంగా లాగితే గుసగుసలా వస్తుంది. వేళ్ళేమీ పెట్టకుండా ఒక్క ఖాళీ తీగ మీద చేసి చూడండి, మీకే ఆశ్చర్యమేస్తుంది.

చాలామంది దొరికిపోయే చోటు ఒకటుంది. మూడు బీట్ల స్వరం కిందికి లాగారు, తర్వాత ఒక బీటు స్వరం పైకి. కమాను మొదటి చోటికి రావాలంటే అంతే దూరం మూడో వంతు సమయంలో నడవాలి. వేగం మూడు రెట్లు అవుతుంది కాబట్టి ఆ చిన్న స్వరం పెద్దగా అరుస్తుంది. సంగీతం అక్కడ అరవమనలేదు కదా! ఆ ఒక్క బీటుకూ బరువు తీసెయ్యండి, కొంచెం ఫింగర్ బోర్డు వైపు జరగండి. అరుపు పోతుంది.

మరి ఎక్కడ పెంచాలి, ఎక్కడ తగ్గించాలి? వాయిద్యం పక్కన పెట్టి ఆ ముక్క పాడండి. గొంతు బాగుండక్కర్లేదు. పాడుతుంటే ఏ స్వరం వైపు వెళ్తున్నారో, ఎక్కడ ఊపిరి తీసుకుంటున్నారో తెలిసిపోతుంది. పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోండి. ఆ స్వరం వచ్చేదాకా కమానును పొదుపుగా వాడండి. ఊపిరి తీసుకున్నచోట తీగను కాసేపు వదిలెయ్యండి.

ఈ వారం ఒక చిన్న ముక్కనే మూడు రకాలుగా వాయించి ఫోన్‌లో రికార్డు చెయ్యండి. వెంటనే వినొద్దు, మర్నాడు వినండి. ఏది నచ్చిందో, అందులో కమాను ఏం చేసిందో నాకు రాయండి.

ప్రేమతో,
మీ వయొలిన్ తాతయ్య