రెంటల్ లాస్: లైసెన్సు కాదండీ, లెక్కలోకి వచ్చేవి గంటలు

అమెరికాలో ట్యాక్స్ సీజన్ వస్తే డాలస్ చుట్టుపక్కల అద్దె ఇళ్లు కొన్న మనవాళ్ల దగ్గర్నుంచి నాకు ఒకటే ఫోను: "మా ఆవిడ రియల్ ఎస్టేట్ లైసెన్సు తీసుకుందండీ. ఇక రెంటల్ లాస్, అంటే అద్దె ఇంటి మీద వచ్చిన నష్టం, మొత్తం పన్ను లెక్కలో నా జీతంలోంచి తీసేయొచ్చుగా?"

అపోహ: లైసెన్సు ఉంటే చాలు.
వాస్తవం: చట్టం లైసెన్సు ఊసే ఎత్తదు. అమెరికా ఆదాయపు పన్ను చట్టం 469వ సెక్షన్ ప్రకారం అద్దె నష్టం పాసివ్, అంటే మనం చురుగ్గా పనిచేయని వ్యాపారం కింద లెక్క, కాబట్టి జీతంలోంచి తీసేయడం మామూలుగా కుదరదు. 1994 నుంచి ఉన్న "రియల్ ఎస్టేట్ ప్రొఫెషనల్" స్టేటస్ అనే మినహాయింపు దక్కాలంటే రియల్ ఎస్టేట్ పని ఏడాదికి 750 గంటలు దాటాలి. మీరు చేసే మొత్తం పనిలో అది సగానికి మించాలి కూడా. ఐటీ ఉద్యోగంలో 2,000 గంటలు చేసేవారు ఇళ్ల మీద అంతకన్నా ఎక్కువ చేశామంటే, నిద్రెప్పుడు పోయారని అడుగుతారు.

అపోహ: ఆయన 400, ఆవిడ 400, కలిపితే సరి.
వాస్తవం: కుదరదు. ఆ రెండు పరీక్షలూ ఒక్కరే నెగ్గాలి. ఆ తర్వాత ఒక్కో ఇంట్లో మెటీరియల్ పార్టిసిపేషన్ (ఆ ఇంటి పనిలో నిజంగా, క్రమంగా పాల్గొనడం) చూపించేటప్పుడు మాత్రం ఇద్దరి గంటలూ పనికొస్తాయి. ఒక్కో ఇంటికీ విడిగా కాకుండా ఇళ్లన్నిటినీ ఒకటిగా లెక్కించాలంటే, అలా ఎంచుకున్నామని చెప్పే ఎలక్షన్ స్టేట్‌మెంట్ రిటర్నుతో జతచేయాలి. ఎక్కువమంది మర్చిపోయేది ఇదే.

అపోహ: గంటల లెక్క తర్వాత రాసుకోవచ్చు.
వాస్తవం: ఒకాయన డైరీ తెచ్చారు. ఏడాదంతా ఒకే నీలం సిరా, రోజూ "3 గంటలు, ప్రాపర్టీ పని". చెల్లెలి పెళ్లికి వైజాగ్‌లో ఉన్న రెండు వారాలతో సహా! రోజువారీ డైరీయే ఉండాలని రూలేం లేదు, క్యాలెండరూ ఈమెయిళ్లూ చాలు. కానీ ఉజ్జాయింపు లెక్కలు ట్యాక్స్ కోర్టులో నిలబడవు. "మార్చి 9, 10:15 నుంచి 12:40, వాటర్ హీటర్ మార్పించాను" అని రాసి, ప్లంబర్ బిల్లు పెట్టుకోండి.

అపోహ: ఆ ప్రొఫెషనల్ స్టేటస్ రాకపోతే నష్టం గంగలో కలిసినట్టే.
వాస్తవం: ఆదాయం 1,00,000 డాలర్ల లోపుంటే, ఇంటి నిర్ణయాలు మీరే తీసుకుంటుంటే, 25,000 దాకా నష్టాన్ని మామూలుగానే జీతంలోంచి తీసేయొచ్చు. 1,50,000 దగ్గర అది సున్నా, అంటే ఇద్దరూ ఐటీ అయితే ఆశ వదులుకోవాల్సిందే. మిగిలిన నష్టం, పాసివ్ నష్టాల లెక్క చూపే ఫారం 8582లో ఏటా ముందుకెళ్తుంది, ఇల్లు బయటివాళ్లకు పూర్తిగా అమ్మిన ఏడాది తీసేసుకోవచ్చు. సీపీఏని (మీ రిటర్ను వేసే అకౌంటెంటుని) మార్చేటప్పుడు పాత 8582 అడిగి తీసుకోండి. మొన్న ఒకరి రిటర్నులో నాలుగేళ్ల నష్టం అలాగే జారిపోయింది, వెతికి పట్టుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది.