పెయిన్ క్లినిక్ అంటే పెద్ద సూది వేసే చోటు కాదు: కొన్ని అపోహలు, వాస్తవాలు

కిందటి సోమవారం ఓపీలో ఒక్క పూటలో నలుగురు ఒకే మాట అన్నారు. "ఊళ్లో సూదులు పన్చెయ్యట్లేదు బాబూ. ఇక్కడ పెద్ద సూది ఏస్తారంట కదా, అదేసెయ్." శ్రీకాకుళంలో ఇన్నేళ్లుగా నొప్పులకి వైద్యం చేస్తున్నాను, ఈ మాట వినకుండా గడిచిన వారం లేదు.

అపోహ: పెయిన్ క్లినిక్‌లో ఇంకా గట్టి నొప్పి మందులు ఇస్తారు.

వాస్తవం: వచ్చినవాళ్లలో చాలామందికి మొదటి రోజు మేం చేసేది మందులు తగ్గించడం.

కవిటి వైపు నుంచి ఒక కొబ్బరి రైతు వచ్చారు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి పడిపోయిన చెట్లు లాగుతుంటే నడుం పట్టేసింది. ఆ పట్టు నాలుగేళ్లయినా వదల్లేదు. నా బల్ల మీద క్యారీబ్యాగు గుమ్మరించారు. అన్నీ షాపువాళ్లు కత్తెరతో కోసిచ్చిన ముక్కలే. పేరున్న వైపు షాపులోనే ఉండిపోయింది, ఈయన చేతికొచ్చింది రెండేసి మాత్రలూ, సగం తెగిన అక్షరాలూ. "ఎర్రది పొద్దున్న, పసుపుది రేత్రి" అన్నారు. అక్షరాలు కూడబలుక్కుని చూస్తే ఒకటి డైక్లోఫెనాక్, రెండోది అసిక్లోఫెనాక్. రెండూ ఒకే జాతి. వీటి మీద వారానికో సూది. కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్ష చేయిస్తే 1.9 వచ్చింది, ఉండాల్సినదానికంటే ఎక్కువ. రిపోర్టు చదువుతుంటే ఆయన భార్య బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. "మా ఈదిలో ఇద్దరు డయాలసిస్‌కి ఎల్తన్నారు బాబూ, ఈయనక్కూడానా?" అంది.

ఈ జాతి మాత్రలు ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలను అడ్డుకుని నొప్పి తగ్గిస్తాయి. కిడ్నీలోకి రక్తం తెచ్చే సన్నటి నాళాలు మూసుకుపోకుండా చూసేవి కూడా ఆ రసాయనాలే. ఆరోగ్యంగా ఉన్న మనిషి బెణుకుకి రెండ్రోజులు వాడితే సాధారణంగా ఏమీ కాదు. మే నెల ఎండలో తోటలో చెమటోడ్చి, నీళ్లు తాగక, బీపీ మాత్ర వేసుకుంటూ, దాంతోపాటు ఇవి రోజూ మింగితే కిడ్నీకి రక్తం అందదు. ఉద్దానంలో, అంటే కవిటి చుట్టుపక్కల తీర ప్రాంతంలో, ఎంతోమందికి వస్తున్న కిడ్నీ జబ్బుకి అసలు కారణం ఏమిటో ఇంకా తేలలేదు. నొప్పి మాత్రల వల్లే వచ్చిందని నేను అనను, ఎవరైనా అంటే నమ్మకండి. కానీ ఇచ్ఛాపురం నుంచి వజ్రపుకొత్తూరు దాకా ఆ మండలాల్లో పుట్టి పెరిగినవాళ్ల కిడ్నీకి ఇప్పటికే ముప్పు ఉంది. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి కట్టాల్సి వచ్చిన ప్రాంతం అది. అక్కడి మనిషి చీటీ లేకుండా ఈ మాత్రలు కొనుక్కుంటున్నాడంటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

ఆ రైతుకి రెండూ ఆపించాం. క్రియాటినిన్ 1.4కి దిగి అక్కడే ఉంది. నొప్పి పదికి ఎనిమిది అనేవారు, ఇప్పుడు అయిదు అంటున్నారు. అయిదు అన్న రోజునే సైకిలెక్కి తోటకి వెళ్తున్నారు.

ఇక ఆ వారం వారం సూది. సాయంత్రానికల్లా ఒళ్లు తేలికైపోయిందంటే చాలాసార్లు అందులో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. లేబులు లేని పొట్లాల మందులతోనూ ఇదే భయం. నెలల తరబడి వాడితే మొహం ఉబ్బుతుంది, షుగరు పెరుగుతుంది, ఎముక గుల్లబారుతుంది. మా పిన్ని మోకాళ్ల నొప్పికి రెండేళ్లు ఇలాగే వేయించుకుంది. వరండాలో కాలు జారితే తుంటి ఎముక విరిగింది. అప్పటికి నేను పీజీలో ఉన్నాను, పండక్కి వెళ్లినప్పుడల్లా ఆవిడ గుండ్రటి మొహం చూసి ఒళ్లు చేసిందనుకున్నాను. ఏ సూది వేస్తున్నారని ఒక్కసారి కూడా అడగలేదు. ఒకటి మాత్రం గుర్తుంచుకోండి: చాలాకాలంగా వాడుతున్న స్టెరాయిడ్‌ని ఇది చదివి రేపటి నుంచి ఆపేయకండి. ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. మెల్లగా తగ్గించాలి, అది డాక్టరు చెయ్యాల్సిన పని.

అపోహ: "మెంటల్ మాత్రలు ఇచ్చారు, నా నొప్పి అబద్ధం అంటున్నారు."

మీ నొప్పి నిజం. మూడు నెలలు దాటిన నొప్పిలో చాలాసార్లు గాయం మానిపోయి ఉంటుంది, నరాలు మాత్రం శాంతించవు. దొంగని చూసి బెదిరిన కుక్క ఆ తరవాత ఆకు రాలినా మొరుగుతుంది కదా, అలా. మేం రాసే ఎమిట్రిప్టిలిన్ అనే మాత్రని దిగులుకి వాడే మాట నిజమే. రాత్రిపూట 10 మిల్లీగ్రాముల్లాంటి చిన్న మోతాదులో ఇచ్చేది నరాల నొప్పికీ నిద్రకీ. మొదట్లో నోరు ఎండుతుంది, పొద్దున్న మగతగా ఉంటుంది. పని చెయ్యడానికి కొన్ని వారాలు పడుతుంది. పక్కింటివాళ్లు ఫోన్‌లో వెతికి ఏదో చెప్పారని నాలుగో రోజున మానేసినవాళ్లు ఎంతమందో!

అపోహ: ఎమ్మారైలో డిస్కు జరిగింది, కాబట్టి ఆపరేషనే.

నొప్పే లేనివాళ్ల స్కానింగులను కలిపి చూసిన 2015 నాటి సమీక్షలో, 20 ఏళ్లవాళ్లలోనే 37 శాతం మందికి డిస్కు అరుగుదల కనిపించింది. 80 ఏళ్లవాళ్లలో 96 శాతం. ఫిల్ము చూసి భయపడకండి. కాళ్లు హఠాత్తుగా చచ్చుబడినా, మూత్రం మీద అదుపు తప్పినా మాత్రం మా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు, నేరుగా క్యాజువాలిటీకి వెళ్లండి.

అపోహ: మంచం మీదే ఉంటే తగ్గుతుంది. తగ్గదు, కండ కరుగుతుంది. కాశీబుగ్గలో జీడిపప్పు పొట్టు ఒలిచే ఒకావిడకి పని మానమని చెప్పలేదు, చెబితే ఇల్లు గడవదు. అరగంటకోసారి లేచి గుమ్మం దాకా నడిచి రమ్మన్నాం, అంతే. కూర్చునే పీట కింద ఒక ఇటుక పెట్టించాం.

సూదులు మేమూ వేస్తాం. నడుం నుంచి కాల్లోకి లాగే నొప్పికీ, మరికొన్నింటికీ ఎక్స్‌రే మిషను కిందో అల్ట్రాసౌండ్‌తోనో నరం దగ్గరికి చూసి వేస్తాం. అవీ కొందరికే. కొన్ని వారాలో నెలలో ఉపశమనం దొరికితే, ఆ వ్యవధిలో వ్యాయామం చేయించడానికి.

మొదటిసారి వస్తే ముప్పావుగంట పడుతుంది. ఎక్కడ, ఎప్పటి నుంచి, సలుపా, మంటా, తిమ్మిరా, నిద్ర ఎలా ఉంది, ఏ పని చెయ్యలేకపోతున్నారు, అన్నీ అడుగుతాం. విసుక్కోకండి. తినే రండి, ఇంట్లోవాళ్లని ఒకరిని తెచ్చుకోండి. పాత రిపోర్టులతోపాటు మాత్రల సంచి కూడా తీసుకురండి. పేరు కోసేసిన ముక్కలైనా సరే, ఏ షాపులో కొన్నారో చెబితే ఫోన్ చేసి కనుక్కుంటాం.